మోకాలి గుజ్జు అరిగిందంటే నడక మానేయాలా?

గుజ్జు అంటే అసలేమిటి, అరిగిందని చెప్పాక కూడా నడవచ్చా అని అడిగారు. మా అమ్మకి ఇదే సమస్య వచ్చినప్పుడు డాక్టర్ దగ్గరికీ ఫిజియోథెరపీకీ వెంట తిరిగింది నేనే, అందుకే రాస్తున్నా.

అందరూ గుజ్జు అనేది మృదులాస్థిని. కీలులో ఎముకల చివర్లకి అతుక్కుని ఉండే నున్నటి పొర, మోకాల్లో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందమే. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేవు కాబట్టి మొదట్లో అరుగుతున్నా మనకి తెలియదు, రక్తం అందదు కాబట్టి దెబ్బతింటే ఓ పట్టాన మానదు. మరి దానికి పోషణ ఎలా? కీలులో ఉండే ద్రవం నుంచే. అడుగు వేస్తే పొర స్పాంజిలా నొక్కుకుంటుంది, కాలు ఎత్తితే ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే కదలికే దానికి తిండి, అందుకే పూర్తిగా కూర్చోబెట్టేయడం మంచిది కాదు.

అమ్మ ఎక్స్‌రేలో మోకాలి లోపలివైపు ఎముకల మధ్య సందు బయటివైపు కంటే బాగా సన్నగా ఉంది. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు, ఆ సందుని బట్టే అరుగుదల అంచనా వేస్తారట.

అన్ని కీళ్లూ ఇలా అరగవు. పుర్రెలో కదలని కీళ్లకి ఈ బాధే లేదు. తుంటిది బంతిగిన్నె కీలు, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు మడతబందు కీలు, ముఖ్యంగా ముందుకీ వెనక్కీ వంగడమే దాని పని, వంచినప్పుడు మాత్రం కాస్త మెలి తిరుగుతుంది. పైగా ఒళ్లు బరువంతా దాని మీదే. అందుకే బరువు ఒక కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందంటారు, నాకైతే అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే.

అమ్మని నడక మానమనలేదు. గొంతుక్కూర్చోవడం, పదే పదే మెట్లెక్కడం తగ్గించమన్నారు. కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి అదిమి కాసేపు పట్టి ఉంచి వదలమన్నారు. తొడ ముందు కండరం గట్టిపడితే కీలుకి ఆసరా. మొదట్లో అమ్మకి ఆ కండరం బిగుసుకోవడమే తెలిసేది కాదు, ఫిజియో చెయ్యి పెట్టి చూపించాక పట్టు దొరికింది. నొప్పి పూర్తిగా పోలేదు కానీ పొద్దున లేవగానే ఉండే బిగుతు చాలా తగ్గింది.

మీకు మోకాలు ఉన్నట్టుండి పట్టేసి చాపలేకపోతున్నా, వాచి వేడిగా ఉన్నా వ్యాయామాలు మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌కి చూపించండి. అది ఉత్త అరుగుదల కాకపోవచ్చు.