చెట్టుతో పాటు దాని మనుషులనూ పరిచయం చేయండి

ప్రశ్న: మా ప్రాంతంలోని పేరున్న చెట్లను, వాటిని ప్రేమించే స్థానికులతో కలిపి పరిచయం చేసే ఫొటో ప్రదర్శన పెట్టాలని మిత్రులం కొందరం అనుకుంటున్నాం. అన్నిటికంటే పెద్దవి, పాతవి అయిన చెట్లనే ఎంచుకోవాలా? మనుషుల గురించి ఏం రాయాలి? పేరు రావడం వల్ల చెట్టుకే చేటు జరుగుతుందేమోనన్న భయమూ ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఎత్తునూ వయసునూ కొలబద్దలుగా పెట్టుకోకండి. 2011 నుంచి ఏటా జరుగుతున్న ‘యూరోపియన్ ట్రీ ఆఫ్ ది ఇయర్’ పోటీలో చెట్టు పరిమాణం కంటే దానికీ చుట్టుపక్కల జనానికీ ఉన్న అనుబంధానికే విలువ ఎక్కువ. 2015లో గెలిచినది ఎస్టోనియాలోని ఒరిస్సారెలో, ఫుట్‌బాల్ మైదానం నడుమ నిలిచిన ఓక్ చెట్టు. మైదానాన్ని విస్తరించేటప్పుడు ట్రాక్టర్లతో పెకలించబోతే ఉక్కు తాళ్లు తెగాయే తప్ప చెట్టు కదలలేదని అక్కడివారు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆటగాళ్లు దాని చుట్టూ పరుగెత్తుతూ, ఒక్కోసారి బంతిని దాని మానుకే కొట్టి తోటివారికి అందిస్తూ ఆడుతుంటారు. అంతకంటే ఎత్తయిన చెట్లు ఎన్ని ఉన్నా, ఇటువంటి చెట్టునే మీ ప్రదర్శనలో ముందు నిలబెట్టాలని నా అభిప్రాయం.

మనుషులను “ఈ చెట్టంటే మీకెందుకు ఇష్టం?” అని అడిగితే అందరి నోటా ఒకే జవాబు వస్తుంది. ఏ కొమ్మ ఏ గాలివానకు విరిగింది, తొలి చిగురు ఏ వైపు కనిపిస్తుంది, తొర్రలో ఏ పక్షి కాపురముంటోంది అని అడగండి. రోజూ రాలిన ఆకులు ఊడ్చేవారిని తప్పక కలవండి. ఆ చెట్టు ఏడాది పొడవునా ఎలా మారుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారి మాటలను వారి యాసలోనే ఉంచి, ప్రదర్శనకు ముందు వారికొకసారి చదివి వినిపించండి. మాను చుట్టుకొలతను నేల నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తున కొలిచి రాస్తే చాలు. ఒకే జాతి చెట్లు కూడా నేలను, నీటిని బట్టి వేర్వేరు వేగాలతో లావెక్కుతాయి కనుక, ఆ కొలతను బట్టి వయసు తేల్చకండి.

మీ భయం సరైనదే. 2006లో కాలిఫోర్నియాలో గుర్తించిన ‘హైపీరియన్’ అనే రెడ్‌వుడ్ చెట్టు సుమారు 116 మీటర్ల ఎత్తుతో ప్రపంచంలోకెల్లా ఎత్తయినదిగా పేరు పొందింది. దారి లేకపోయినా జనం అడవిని తొక్కుకుంటూ వెళ్లడంతో ఆ చెట్టు మొదలు చుట్టూ ఉన్న ఫెర్న్ మొక్కలు నశించి, 2022లో ఆ చోటికి ఎవరూ వెళ్లకుండా అధికారులు నిషేధించవలసి వచ్చింది. చెట్టుకు నీరందించే సన్నని వేర్లలో అధికభాగం నేల పైపొరలోనే ఉంటాయి. పాదాల ఒత్తిడికి మట్టి గట్టిపడితే వాటికి గాలీ నీరూ అందవు. అందుచేత అడవిలోని చెట్ల చిరునామా ఇవ్వకండి. జనావాసాల మధ్య ఉన్నవాటికి మాత్రం, మీరు పరిచయం చేయబోయే ఆ స్థానికులే కాపలా. ప్రదర్శనను చెట్టు నీడలోనే పెట్టాలనిపించినా, కొమ్మల అంచుకు అవతలే ఏర్పాటు చేసి, ఫొటోలను మానుకు మేకులతో కొట్టకుండా విడిగా చట్రాలపై నిలపండి.