పాలంపేట కొత్త సర్పంచికి

బిడ్డా,

గుడి దగ్గర దుకాణమో లాడ్జో కట్టుకుంటామనే అర్జీలు నీ దగ్గరికి తప్పకుండా వస్తాయి. 2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక చుట్టుపక్కల భూమి మీద ఆశ పెరిగింది. అందులో తప్పు లేదు. సంతకం పెట్టే ముందు మాత్రం టేపు పట్టించు.

రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆపైన మరో 200 మీటర్లలో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అనుమతి వచ్చాకే పునాది తవ్వాలి. చాలామంది గుడి గోడ నుంచి కొలుచుకుని దెబ్బతింటారు. పురావస్తు శాఖ వాళ్లనూ మండల సర్వేయర్‌నూ ఒకే రోజు పిలిపించి రెండు గీతలకూ రాళ్లు పాతించు. లోపల పడే సర్వే నంబర్లను పంచాయతీ బోర్డు మీద రాయించు. నిషేధిత హద్దులో కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అప్పు చేసి పిల్లర్లు లేపాక పేదవాడికి ఈ సంగతి తెలియడం అన్యాయం.

ఒక్క గ్రామసభతో సరిపెట్టకు. అక్కడ గొంతున్నవాళ్లే మాట్లాడతారు. ఆటోవాళ్లు, కొబ్బరికాయల దుకాణాల ఆడవాళ్లు, గైడ్లు, పూజారులు, చెరువు కింది రైతులు, వీళ్లందరితో విడివిడిగా, వాళ్లకు తీరిక దొరికే వేళ కూర్చో. దుకాణాలను వెనక్కి జరపాలంటే కొత్త చోటు చూపించాకే మాటెత్తు. పార్కింగ్ నుంచి గుడికి నడిచే దారి ఆ దుకాణాల ముందు నుంచే పోవాలి. లేకపోతే బేరాల్లేక నెల తిరక్కుండా బండ్లన్నీ మళ్లీ గేటు దగ్గరికే చేరతాయి.

1213 నాటి ఆ గుడి ఇసుక పునాది మీద నిలబడింది. మరుగుదొడ్ల ఇంకుడు గుంత, దుకాణాల మురుగు అటువైపు పారకూడదు. వాలు ఎటుందో జోరువానలో చూసుకో, ఎండాకాలంలో నేలంతా సమంగానే కనిపిస్తుంది. చక్రాల కుర్చీ కోసం ర్యాంపు కట్టిస్తే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. చోటు చాలదని కుదిస్తే ఎవరూ ఎక్కలేరు.

మేడారం జాతర జనాన్ని లెక్కవేసి శాశ్వత పార్కింగ్ కట్టకు. అది రెండేళ్లకోసారి వచ్చే రద్దీ. ఆ కొద్ది రోజులకు పొలాలు అద్దెకు తీసుకో, యాసంగి నారు పోయకముందే రైతులతో మాట్లాడు. అద్దె ఎంత, ఎన్ని రోజులు, గట్టిపడ్డ నేలను దున్నించే ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద రాయించు.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు