అమ్మాయికి జర్మనీ యాస టెన్షన్

ప్రశ్న: మాది అమలాపురం. మా అమ్మాయి జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసై స్టుట్‌గార్ట్‌లో నర్సుగా చేరబోతోంది. అక్కడి యాస బుర్రకెక్కదని ఎవరో అన్నారట, ఒకటే టెన్షన్. నిజమేనా అండీ?

జవాబు: నిజమేనండీ, కానీ మరీ అంత కంగారొద్దు. అక్కడిది స్వాబియన్ అనే యాస. డ్యూటీలో తోటివాళ్లు చాలావరకు మామూలు జర్మనే మాట్లాడతారు, చిక్కల్లా పల్లెల నుంచి వచ్చే పెద్దవయసు రోగులతోనే, వాళ్లు మాటల చివర్లు మింగేసి చాలాచోట్ల 'స'ని 'ష' చేసేస్తారు. పక్క రాష్ట్రం బవేరియా పల్లెల యాసా తక్కువేం కాదు. స్విట్జర్లాండ్‌వాళ్ల జర్మన్ యాసకైతే జర్మన్ టీవీలోనే సబ్‌టైటిల్స్ వేస్తుంటారు, ఇక మీ అమ్మాయి తప్పేముంది! ఇప్పట్నుంచే ఆ ప్రాంతపు రేడియో ఎస్‌డబ్ల్యూఆర్ వినమనండి. వార్తలు కాదు, అవి పుస్తకాల భాషలోనే ఉంటాయి, మామూలు జనం మాట్లాడేవి వినాలి.