గుండె ఒక దెబ్బ తప్పినట్టుంటే

తమ్ముడూ, రాత్రి పడుకోగానే గుండె ఒక దెబ్బ తప్పి, తర్వాతది గట్టిగా కొడుతోందని, ఈసీజీ నార్మల్ అన్నా భయం పోవట్లేదని రాశావు. నాదీ మూడేళ్లుగా ఇదే బాధ. మామూలు ఈసీజీ చూసేది కొన్ని సెకన్లే. ఆ కాసేపట్లో లయ తప్పకపోతే కాగితం మీద ఏమీ పడదు. అందుకే కార్డియాలజిస్టును కలిసి 24 గంటల హోల్టర్, అంటే రోజంతా గుండె లయను రికార్డు చేసే యంత్రం, పెట్టమని అడుగు. ఛాతీకి వైర్లు అతికించి చిన్న పెట్టె నడుముకి కడతారు. దడ వచ్చిన టైము రాసుకో. ఎకో (గుండె స్కానింగ్), రక్తంలో థైరాయిడ్, పొటాషియం కూడా చూపించుకో. నాకు సాయంత్రం టీ మానేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం ఆపాక సగం తగ్గింది. గుండె బాగుంటే ఇలా తప్పే దెబ్బలు చాలామందికి ప్రమాదం కావు. కానీ కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా, దడ ఎంతకీ ఆగకపోయినా తెల్లారేదాకా చూడకు. విజయవాడ బెంజిసర్కిల్ ట్రాఫిక్‌లో బైకు మీద అసలు వెళ్లకు, 108కి ఫోన్ చెయ్యి.