కంచుకోటలో కుర్చీ ఖాళీ అయినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ. నాకు అమెరికా పౌరసత్వం 2023లో వచ్చింది. 2024 మార్చి ఎన్నికకు బ్యాలెట్ ఇంటికే వచ్చినా, అసలు ఎన్నిక నవంబరులో కదా అని పక్కన పెట్టేశాను. ఇక్కడ ఎలాగూ డెమొక్రాట్లే గెలుస్తారని మా వాళ్లందరూ అన్నారు. తీరా నవంబరు బ్యాలెట్ విప్పి చూస్తే ప్రతినిధుల సభ స్థానానికి మిగిలిన ఇద్దరూ డెమొక్రాట్లే. మార్చిలో ఓటు వేయకపోవడం వల్ల నిజంగా ఏమైనా పోయిందా? (ఒక పాఠకురాలు)

జవాబు: పోయిందమ్మా. మీ మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు. మీ ప్రాంతంలో ఆ ఏడాది జరిగినదాన్ని తెలుసుకుంటే ఆ మాట ఎందుకన్నానో మీకే అర్థమవుతుంది.

2024 నాటి హద్దుల ప్రకారం మీ ఊరు కాలిఫోర్నియా 16వ నియోజకవర్గంలో ఉంది. పాలో ఆల్టో, లాస్ ఆల్టోస్, లాస్ గాటోస్, శాన్ హోజేలో కొంత భాగం, అవతల సముద్రతీరాన హాఫ్ మూన్ బే, పసిఫికా కూడా అందులోవే. 2020 అధ్యక్ష ఎన్నికల్లో ఈ హద్దుల్లో పోలైన ఓట్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు బైడెన్‌కు పడ్డాయి. మన వాడుకలో చెప్పాలంటే అది డెమొక్రటిక్ పార్టీకి కంచుకోట. అలాంటి చోట ఏ పార్టీ గెలుస్తుందన్నది ఎన్నికకు ముందే తేలిపోతుంది కాబట్టి, ఆ పార్టీలో ఎవరు గెలుస్తారన్న ప్రశ్న ఒక్కటే ఓటరుకు మిగులుతుంది. సిట్టింగ్ సభ్యులు బరిలో ఉన్నంతకాలం ఆ ప్రశ్న కూడా గట్టిగా వినిపించదు. అమెరికా ప్రతినిధుల సభకు మళ్లీ పోటీ చేసే సభ్యుల్లో నూటికి తొంభై మందికి పైగా తిరిగి గెలవడం అక్కడ మామూలు విషయం. మీ ప్రతినిధి అన్నా ఎషూ 1993 జనవరి నుంచి 32 ఏళ్ల పాటు ఆ కుర్చీలో ఉన్నారు. భారత సంతతికి చెందిన రిషి కుమార్ 2020లోనూ 2022లోనూ నవంబరు పోటీ దాకా వచ్చి ఆమె చేతిలో ఓడిపోయారు.

ఆ స్థానం మొదటినుంచీ కంచుకోట కాదన్న సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. 1988లో ఎషూ ఇదే ప్రాంతంలో రిపబ్లికన్ అభ్యర్థి టామ్ క్యాంప్‌బెల్ చేతిలో ఓడిపోయారు. 1992లో ఆయన సెనేట్‌కు పోటీ చేయడానికి ఈ స్థానాన్ని వదులుకున్నాకే ఆమెకు దారి దొరికింది. అంటే ఆమె రాకకూ, ఆమె తర్వాతి వారి రాకకూ కారణం ఒక్కటే: కుర్చీ ఖాళీ కావడం. ఈ రెండు ఖాళీల మధ్య ఒక తరం గడిచిపోయింది.

ఇక పోటీ చేయనని ఎషూ 2023 నవంబరులో ప్రకటించగానే ఆ తరమంతా ఎదురుచూసిన నాయకులు ఒక్కసారిగా ముందుకొచ్చారు. శాన్ హోజే మాజీ మేయర్ సామ్ లిక్కార్డో, రాష్ట్ర శాసనసభ్యుడు ఎవాన్ లో, శాంటా క్లారా కౌంటీ సూపర్‌వైజర్ జో సిమిటియన్, మళ్లీ రిషి కుమార్, ఇంకా మరికొందరు కలిపి మొత్తం 11 మంది: తొమ్మిది మంది డెమొక్రాట్లు, ఇద్దరు రిపబ్లికన్లు. ప్రతినిధుల సభ స్థానాలకు కాలిఫోర్నియాలో పార్టీకొక ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నిక) ఉండదు. 2010లో ఓటర్లు ఆమోదించి, 2012 నుంచి అమలవుతున్న పద్ధతి ప్రకారం అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఏ పార్టీ వారైనా సరే మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారే నవంబరుకు వెళ్తారు. మార్చి 5న జరిగిన ఆ మొదటి విడతలో లిక్కార్డో సుమారు 21 శాతం ఓట్లతో ముందు నిలిచారు. రెండో స్థానంలో ఎవాన్ లో, జో సిమిటియన్ ఇద్దరికీ సరిగ్గా 30,249 చొప్పున ఓట్లు వచ్చాయి. లక్షా ఎనభై వేలకు పైగా ఓట్లు లెక్కపెట్టాక వచ్చిన ఫలితం ఇది. మీరు పక్కన పెట్టిన ఆ బ్యాలెట్ మీద ఈ ఇద్దరిలో ఎవరి పేరు ఎదుట గుర్తు పెట్టి ఉన్నా, ఆ రెండు అంకెలు సమానంగా ఉండేవి కావు.

ఇందులో నన్ను మరింత ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఇద్దరు రిపబ్లికన్లకు వచ్చిన ఓట్లను కలిపితే 30,249 దాటాయి. వారి తరఫున ఒక్కరే నిలబడి, ఆ ఓట్లన్నీ ఆ ఒక్కరికే పడి ఉంటే, డెమొక్రాట్ల కంచుకోటలో నవంబరు పోటీ లిక్కార్డోకూ ఒక రిపబ్లికన్‌కూ మధ్య జరిగి ఉండేది, అప్పుడు ఫలితంలో ఏ సందేహమూ మిగిలేది కాదు. కాబట్టి నవంబరు ఓటుకు ఎంత విలువ ఉంటుందో కూడా మార్చిలో ఓట్లు ఎలా చీలాయన్నదే నిర్ణయించింది. నవంబరులో ఈ స్థానానికి మూడు లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి, లిక్కార్డో సుమారు 58 శాతంతో గెలిచారు. ఆ రోజు ఓటు వేసినవారిలో మీలాంటివారు లక్ష మందికి పైగానే ఉన్నారు. పదకొండు పేర్లలో తొమ్మిదింటిని వేరేవారు కొట్టివేసిన తర్వాత మిగిలిన రెండింటిలోంచి మాత్రమే మీరందరూ ఎంచుకున్నారు.

ప్రశ్న: నేను అనకాపల్లిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. 1989లో మా లోక్‌సభ స్థానం 9 ఓట్ల మెజారిటీతో తేలడం కళ్లారా చూసినవాణ్ణి. కాలిఫోర్నియాలో ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చాయని మా అబ్బాయి చెబితే ఆశ్చర్యపోయాను. అక్కడ చీటీ తీయరా? చివరికి ఎలా తేల్చారు? (ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారు గారూ, మీ జ్ఞాపకం సరైనదే. కొణతాల రామకృష్ణ గారు గెలిచిన ఆ 9 ఓట్ల తేడా ఇప్పటికీ లోక్‌సభ చరిత్రలో అతి స్వల్ప మెజారిటీలలో ఒకటిగా నిలిచి ఉంది. 1998లో రాజ్‌మహల్‌లో సోమ్ మరాండీ కూడా అంతే తేడాతో గెలిచారు.

మన దేశంలో సమానంగా ఓట్లు వస్తే ఏం చేయాలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 65వ సెక్షన్ చెబుతుంది. రిటర్నింగ్ అధికారి అక్కడికక్కడే లాటరీ తీస్తారు, అందులో పేరు వచ్చిన అభ్యర్థికి ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్క వేసి ఫలితం ప్రకటిస్తారు. పంచాయతీ ఎన్నికల్లో మన ఊళ్లలో సర్పంచి పదవి ఇలా చీటీతో తేలిన సందర్భాలు మీరు చూసే ఉంటారు. కాలిఫోర్నియా మొదటి విడతలో రెండో స్థానానికి ఇద్దరు సమానమైతే చట్టం చీటీ తీయమనదు. ఆ ఇద్దరినీ నవంబరుకు పంపమంటుంది. అందువల్ల 2024లో ఆ స్థానానికి ముగ్గురు పోటీపడే పరిస్థితి కొన్ని వారాల పాటు నిజంగానే ఏర్పడింది. ఇద్దరినే పంపడానికి పెట్టిన ఆ పద్ధతిలో ప్రతినిధుల సభ స్థానానికి ముగ్గురు వెళ్లడం అంతవరకూ ఎన్నడూ జరగలేదు.

జరగకుండా ఆపింది రీకౌంటింగే. మన దగ్గర ఫలితం ప్రకటించకముందే అభ్యర్థి గానీ ఆయన ఏజెంటు గానీ రాతపూర్వకంగా కోరితే, సహేతుకమనిపించినప్పుడు రిటర్నింగ్ అధికారి మళ్లీ లెక్కపెట్టిస్తారు, అందుకు అభ్యర్థి డబ్బు కట్టనక్కరలేదు. కాలిఫోర్నియాలో అభ్యర్థే అడగాలన్న నియమం లేదు. ఓటరు ఎవరైనా అడగవచ్చు, కాకపోతే ఏ రోజుకారోజు ఖర్చును అడిగినవారే ముందుగా చెల్లించాలి. ఈసారి సమానంగా నిలిచిన ఇద్దరూ అడగలేదు. ముగ్గురూ నవంబరుకు వెళ్తే ఇద్దరికీ అవకాశం దక్కుతుంది గనుక అడగవలసిన అవసరం వారికి కనిపించలేదు. గతంలో లిక్కార్డో ప్రచారంలో పనిచేసిన ఒక వ్యక్తి అడిగారు. మే 1 నాటికి లెక్క పూర్తయ్యేసరికి ఎవాన్ లోకు 30,261, సిమిటియన్‌కు 30,256 ఓట్లు తేలాయి. అయిదు ఓట్ల తేడాతో సిమిటియన్ బయటికి వెళ్లిపోయారు. తుది ఫలితం ఏదైనా కానివ్వండి, ప్రజల ఓట్లను సరిగ్గా లెక్కపెట్టడమన్నది ఎవరి జేబులోని డబ్బు మీదా ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం. స్వల్ప తేడా వచ్చినప్పుడు ప్రభుత్వమే తన ఖర్చుతో మళ్లీ లెక్కపెట్టాలి.

ప్రశ్న: పార్టీ పేరు రాయకుండా ఓటరుగా నమోదు చేసుకున్నాను. పార్టీ లేనివారికి ప్రైమరీలో ఓటు లేదని స్నేహితులు చెప్పారు. నిజమా? (ఒక పాఠకుడు, శాన్ హోజే)

జవాబు: మీ స్నేహితులు రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. పార్టీతో పని పడేది ముఖ్యంగా అధ్యక్ష అభ్యర్థి ఎంపికకే. అందులో కూడా పార్టీ లేనివారు కోరితే డెమొక్రటిక్ బ్యాలెట్ ఇస్తారు, రిపబ్లికన్ పార్టీ మాత్రం తన సభ్యులకే పరిమితం చేసుకుంది. ప్రతినిధుల సభ, సెనేట్, రాష్ట్ర శాసనసభ స్థానాలకు కాలిఫోర్నియాలో నమోదైన ప్రతి ఓటరూ మొదటి విడతలో ఏ పార్టీ అభ్యర్థికైనా ఓటు వేయవచ్చు. ఈ పొరపాటు మన వాళ్లలో చాలా ఎక్కువగా వినిపిస్తోంది కాబట్టి మీకు తెలిసినవారందరికీ దయచేసి చెప్పండి.

ప్రశ్న: నేను హెచ్1బి వీసా మీద ఉన్నాను, నా భార్యకు గ్రీన్ కార్డు ఉంది. మా తెలుగు సంఘం పెద్దలు ఒక అభ్యర్థికి విరాళాల విందు ఏర్పాటు చేసి మమ్మల్ని పిలిచారు. ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, సన్నీవేల్)

జవాబు: మీరు ఇవ్వకూడదు, మీ భార్య ఇవ్వవచ్చు. శాశ్వత నివాస హోదా లేని విదేశీయులు అమెరికాలో ఏ స్థాయి ఎన్నికకూ విరాళం ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు. అయితే ఆమె ఇచ్చే డబ్బు ఆమె సొంతానిదై ఉండాలి, ఒకరి డబ్బును మరొకరి పేరుతో ఇవ్వడం నేరం. 2024 ఎన్నికలకు ఒక్కో అభ్యర్థికి ఒక వ్యక్తి ఇవ్వగల గరిష్ఠ మొత్తం మొదటి విడతకు 3,300 డాలర్లు, నవంబరుకు మళ్లీ అంతే. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా ప్రచారంలో సాయపడటానికి మీకు అడ్డు లేదు గానీ, నిధుల విషయంలో నిర్ణయాలు తీసుకునే చోట మీరు ఉండకూడదు. ఓటు హక్కు మాత్రం మీ ఇద్దరికీ లేదు, పౌరసత్వం రాకముందు ఎవరైనా ఓటరు నమోదు పత్రం చేతికిస్తే దాని మీద సంతకం పెట్టకండి. ఆ ఒక్క సంతకం వల్ల దేశం విడిచి వెళ్లవలసిన పరిస్థితి కూడా రావచ్చు.

ప్రశ్న: నేను నెల్లూరులో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. కంచుకోటల్లో అభ్యర్థిని ప్రజలే ఎంచుకునే ఆ పద్ధతి మన బీఫారం పద్ధతి కన్నా మేలైనదేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: మేలైనదేనని నేను అనుకుంటున్నాను, అయితే దానిలోని లోపం కూడా మీకు చెప్పాలి.

మీ జిల్లాలోని ఆత్మకూరునే తీసుకోండి. మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరిలో అకాల మరణం చెందాక జరిగిన ఉపఎన్నికలో ఆయన సోదరుడు విక్రమ్ రెడ్డి 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం పోటీకి దిగలేదు. అంతకుముందు 2009లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి మరణం తర్వాత పులివెందులలో విజయమ్మ గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. దుఃఖంలో ఉన్న కుటుంబం మీద పోటీ పెట్టకపోవడం మన మర్యాద అని చెప్పేవారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ మర్యాదను పాటించినప్పుడల్లా, ఎన్నో ఏళ్లకు గానీ రాని ఖాళీలో తమ ప్రతినిధిని ఎంచుకునే అవకాశం ఆ నియోజకవర్గపు ఓటర్లకు లేకుండా పోతోంది. మామూలు ఎన్నికల్లో కూడా కంచుకోటలో బీఫారం ఎవరి చేతికి వచ్చిందో వారే శాసనసభ్యులు, ఆ కాగితం ఎవరికివ్వాలన్న నిర్ణయం పార్టీ కార్యాలయంలో జరుగుతుంది. 16వ నియోజకవర్గంలో ఆ నిర్ణయాన్ని లక్షా ఎనభై వేల మంది తీసుకున్నారు.

లోపమేమిటంటే, అభ్యర్థులు ఎక్కువైతే ఓట్లు చీలి, అయిదింట ఒక వంతు మద్దతు ఉన్నవారు కూడా ముందుకొచ్చేస్తారు. 2022లో న్యూయార్క్ నగరంలో ఖాళీ అయిన 10వ నియోజకవర్గంలో డాన్ గోల్డ్‌మన్ సుమారు 26 శాతం ఓట్లతోనే డెమొక్రటిక్ ప్రైమరీ గెలిచారు, ఆ పార్టీ కంచుకోట కావడంతో ఆ గెలుపుతోనే ఆయనకు సభ్యత్వం ఖాయమైంది. నలుగురిలో ముగ్గురు ఆయనకు ఓటు వేయలేదు. టెక్సస్, జార్జియా రాష్ట్రాల్లో సగానికి పైగా ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు. మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో ఓటరు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యాలు రాసే పద్ధతి ఉంది.

ఈ రెండో పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మొదటి ప్రాధాన్య ఓటు, రెండో ప్రాధాన్య ఓటు అని మనం వేసేది అదే. 2021లో నల్గొండ, ఖమ్మం, వరంగల్ పట్టభద్రుల స్థానానికి 71 మంది నిలబడగా, ఒక్కొక్కరినీ తొలగిస్తూ వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యాల ప్రకారం పంచుతూ రోజుల తరబడి లెక్కించారు. అంతమంది పోటీలో ఉన్నా, చివరికి ఎవరిని ఎంతమంది అంగీకరించారన్నది ఆ లెక్క చూపించింది. కంచుకోటలో కుర్చీ ఖాళీ అయినప్పుడు అభ్యర్థిని ప్రజలే ఎంచుకోవడం, ఆ ఎంపిక ప్రాధాన్య ఓట్లతో జరగడం, ఈ రెండూ కలిసి ఉంటే బాగుంటుందని నా కోరిక. మీ పరిశోధన వ్యాసానికి విషయం వెతుక్కుంటూ ఉంటే, పార్టీలు తమ సభ్యుల చేతనే బీఫారం అభ్యర్థిని ఇలా ఎన్నుకునేలా చేయడానికి మన ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఏయే మార్పులు కావాలో పరిశీలించండి.