ఐదు ఐపీలు ఇచ్చారు, ఐదూ వాడాలా?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ఈమధ్యే లీజ్డ్ లైన్ (మాకే విడిగా ఇచ్చే నెట్ లైను) తీసుకున్నాం, ఐదు స్టాటిక్ ఐపీలు, అంటే మారని నెట్ అడ్రసులు ఇచ్చారు. నెట్ కంపెనీ పెట్టె నుంచి వచ్చే వైరుని ఒక స్విచ్‌లో గుచ్చి, బిల్లింగ్ కంప్యూటర్‌కి ఒక ఐపీ, కెమెరాల రికార్డర్‌కి ఒకటి, స్లాబుల ఫొటోలు పెట్టుకునే వెబ్ సర్వర్‌కి ఒకటి, వైఫై రౌటర్‌కి ఒకటి ఇచ్చాను. అన్నీ పనిచేస్తున్నాయి. కానీ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌లకి బిల్లింగ్ కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటర్ కనపడటం లేదు. ఇంకో అనుమానం, వాళ్లిచ్చిన కాగితంలో ఎనిమిది అడ్రసులని ఉంది. మిగతా మూడూ ఏమయ్యాయి సార్?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ముందు ఆ మూడింటి సంగతి. మీకిచ్చింది /29 బ్లాకు, అంటే వరసగా ఎనిమిది అడ్రసులు, సెట్టింగుల్లో మాస్కు 255.255.255.248. ఉదాహరణకి 203.0.113.8 నుంచి 203.0.113.15 వరకు అనుకోండి. మొదటిది, అంటే చివర 8 ఉన్నది, ఆ బ్లాకు పేరు. చివర 15 ఉన్నది అందరికీ ఒకేసారి కేక వేయడానికి. 9 మామూలుగా కంపెనీ వైపు గేట్‌వే, అంటే మీ డేటా బయటికి వెళ్లే ద్వారం. మీకు మిగిలేవి 10 నుంచి 14 దాకా, ఐదు. ఎవరూ కొట్టేయలేదు.

ఇక అసలు విషయం. ఈ జవాబు చదివిన రోజే ఆ స్విచ్‌లోంచి బిల్లింగ్ కంప్యూటర్ వైరు పీకేయండి, కెమెరాల రికార్డర్‌ది కూడా. అన్నీ పనిచేస్తున్నాయని రాశారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. పబ్లిక్ ఐపీ నేరుగా తగిలించిన కంప్యూటర్ అంటే ప్రపంచంలో ఎవరైనా వచ్చి తలుపు తట్టొచ్చు, తడతారు కూడా, మనుషులు కాదు, రాత్రింబవళ్లు అదే పనిగా తిరిగే ప్రోగ్రాములు. కొన్నేళ్ల కిందట నేనే ఈ తప్పు చేశాను. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టు, ఓనరు ఇంటి నుంచి లెక్కలు చూసుకుంటానంటే బిల్లింగ్ కంప్యూటర్‌కి పబ్లిక్ ఐపీ ఇచ్చి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే పద్ధతి) పోర్టు, అంటే దాని తలుపు నంబరు 3389 తెరిచిపెట్టి వచ్చాను. ఒకరోజు పొద్దున్నే ఫోను, ఫైళ్లేవీ తెరుచుకోవట్లేదు, డబ్బు కట్టమని ఏదో ఇంగ్లిష్‌లో వస్తోంది అని. పెన్‌డ్రైవ్‌లో పదిహేను రోజుల పాత బ్యాకప్ ఉండబట్టి బతికాం, ఆ పదిహేను రోజుల బిల్లులు నేనే కూర్చుని మళ్లీ ఎక్కించాను. కెమెరాల సంగతి ఇంకా ఘోరం. 2016లో మిరాయ్ అనే వైరస్ ఊరికే తయారీ కంపెనీ ముందే పెట్టి ఇచ్చిన పాస్‌వర్డులు వరసగా కొట్టి చూసి లక్షల కెమెరాలనీ, రికార్డర్లనీ, రౌటర్లనీ తన గుప్పిట్లో పెట్టుకుంది.

కాబట్టి ఆ ఐదు ఐపీలూ ఒకే రౌటర్ మీదకి రావాలి, మిషన్లన్నీ దాని వెనక ఉండాలి. వైఫై పెట్టె సరిపోదు, ఒకే వ్యాన్ పోర్టు (బయటి నెట్ వైరు గుచ్చే చోటు) మీద ఒకటికి మించి ఐపీలు పెట్టుకోనిచ్చే రౌటర్ కావాలి, మైక్రోటిక్‌లాంటిది చాలు. లోపల అందరికీ 192.168.10 తో మొదలయ్యే అడ్రసులు ఇవ్వండి. పాత వైఫై పెట్టెని రౌటర్‌గా కాకుండా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై ఇవ్వడం మాత్రమే చేసేలా పెట్టండి. మీ ప్రింటర్ గొడవ కూడా ఇక్కడే తీరిపోతుంది. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లు వైఫై రౌటర్ లోపల, ప్రింటరున్న కంప్యూటరేమో బయట వీధిలో, అందుకే ఒకదానికొకటి కనపడవు.

వెబ్ సర్వర్ ఒక్కదానికే బయటి జనంతో పని. దానికి 203.0.113.11 కేటాయించి, ఆ ఐపీకి వెబ్‌సైట్లు వాడే 80, 443 పోర్టుల్లో వచ్చేది మాత్రమే లోపలి సర్వర్‌కి పంపమని రాయండి. ఇలా బయటి అడ్రసుని లోపలి అడ్రసుకి మార్చడాన్నే నాట్ అంటారు. అందులో వన్-టు-వన్ నాట్ అని ఇంకోటుంది, ఐపీ మొత్తాన్ని ఒక మిషన్‌కి కట్టేస్తుంది, దాని ముందు ఫైర్‌వాల్ రూల్ (ఏది రానివ్వాలో ఏది ఆపాలో చెప్పేది) లేకపోతే మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఆఫీసు వాళ్లంతా నెట్ చూసేది 203.0.113.10 మీదుగా పోనివ్వండి. కెమెరాలూ బిల్లింగూ బయట నుంచి చూడాలంటే రౌటర్‌లో వైర్‌గార్డ్ వీపీఎన్ (తాళం వేసిన సొంత దారిలాంటిది) పెట్టి ఫోన్లో కలుపుకోండి, వాటికి పబ్లిక్ ఐపీ అక్కర్లేదు. మిగతా మూడు ఐపీలూ ఖాళీగా ఉంటాయి, ఉండనివ్వండి. డబ్బు కట్టాం కదా అని వాడేయాల్సిన వస్తువు కాదది.

జనం గంటలు గంటలు తల పట్టుకునేది ఇంకో చోట. రూల్ రాసినా 11 పనిచేయదు. ఎందుకంటే కంపెనీ గేట్‌వే ముందు "11 ఎవరిది?" అని కేక వేస్తుంది, దాన్నే ఆర్ప్ అంటారు. మీ రౌటర్ "నాదే" అనకపోతే ఆ డేటా గుమ్మం దాకా కూడా రాదు. అందుకని 11ని కూడా రౌటర్ వ్యాన్ పోర్టు మీద అదనపు అడ్రసుగా ఎక్కించాలి. అయితే కొన్ని కంపెనీలు లింకు కోసం వేరే చిన్న /30 ఇచ్చి, మీ బ్లాకుని దాని మీదుగా రూట్ చేస్తాయి. అలాగైతే ఈ కేక బాధ లేదు, పైగా నాట్‌లో ఎనిమిదీ వాడుకోవచ్చు, మీరడిగిన మూడూ తిరిగొస్తాయన్నమాట. మీది ఏ రకమో ఫోన్ చేసి "బ్లాకు రూట్ చేశారా, గేట్‌వే అందులోనే ఉందా" అని అడగండి.

ఇదంతా అయ్యాక వెబ్‌సైటు బయట తెరుచుకుని ఆఫీసులో మాత్రం తెరుచుకోకపోతే కంగారు పడొద్దు. లోపలి నుంచి మన పబ్లిక్ ఐపీకే వెళ్లి వెనక్కి తిరగాలి, దానికి హెయిర్‌పిన్ నాట్ రూల్ కావాలి. అంత తలనొప్పి ఎందుకనుకుంటే లోపలి డీఎన్ఎస్‌లో (సైటు పేరుకి అడ్రసు చెప్పే పట్టికలో) సైటు పేరుకి 192.168 అడ్రసు రాసేయండి.

ప్రశ్న: అన్నా, నెల్లూరు దగ్గర మాకు రొయ్య పిల్లల హ్యాచరీ ఉంది. కెమెరా కోసం రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ చేశాను, అంటే బయట నుంచి వచ్చేది కెమెరాకి పంపమని పెట్టాను, పది వీడియోలు చూశాను, అయినా ఫోన్లో రావట్లేదు. నాకు ఒక్క పబ్లిక్ ఐపీ అయినా ఉందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రౌటర్‌లో వ్యాన్ అడ్రస్ చూడు తమ్ముడూ. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే నీకు లేనట్టే. 10, 192.168, 172.16 నుంచి 172.31 దాకా వచ్చినా చాలాసార్లు అంతే. పాత రకం ఐపీలు మొత్తం ఉన్నవే 429 కోట్లు, 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచ నిల్వలోని చివరి బ్లాకులు పంచేశారు, అందుకని కంపెనీలు ఒక్క ఐపీని ఎంతోమంది ఇళ్లకి కలిపి ఇస్తున్నాయి. నువ్వు తెరిచిన పోర్టుకి ముందు వాళ్లదో తలుపుంది, అది నీ చేతిలో లేదు. స్టాటిక్ ఐపీ కొనుక్కో, లేదంటే నెలవారీ అద్దెకి దొరికే చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని నీ రౌటరే బయటికి వైర్‌గార్డ్‌తో దానికి కలిసేలా పెట్టు. లోపల నుంచి బయటికి వెళ్లడాన్ని మామూలుగా ఎవరూ ఆపరు.

ఒకటి మాత్రం మర్చిపోకు. రౌటర్‌కీ, ఫైబర్ పెట్టెకీ యూపీఎస్ ఉందా? కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోని రాత్రే కదా నీకు ఆ కెమెరాతో అసలు పని.