స్కాన్ అయిపోయాక ఎమ్మారై గదిలోకి సెల్లుతో పోవచ్చా? మొలతాడు తీయాల్సిందేనా?

మీ నాన్నకు నడుము ఎమ్మారై రాశారు, ఆయనేమో మొలతాడు తీయనంటున్నారు. స్కాన్ అయిపోయాక సెల్లు, బండి తాళాలు జేబులో ఉండంగానే లోపలికి పోయి ఆయన్ను లేపుకురావచ్చా అని కూడా అడిగారు. నేను కర్నూలులో ఒక స్కాన్ సెంటర్లో టెక్నీషియన్ని. రెండోదానికే ముందు జవాబు చెప్తా, అసలు ప్రమాదం ఉండేది అక్కడే.

పోకూడదు. స్కాన్ అయిపోతే ఆగేది ఆ టకటక శబ్దమే, అయస్కాంతం కాదు. ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండే ఆ అయస్కాంతపు తీగచుట్టలో కరెంటు తిరుగుతూనే ఉంటుంది. రాత్రి తాళం వేసుకుని పోయినా అంతే, ఊరంతా కరెంటు పోయినా అంతే. 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే లెక్క) మిషనంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. అయస్కాంతాన్ని ఆపే ఎమర్జెన్సీ బటన్ ఉంది కదా అంటారు. దాన్ని నొక్కితే హీలియం ఆవిరై పైపులోంచి బయటికి పోతుంది, అయినా బలం తగ్గడానికి కొంతసేపు పడుతుంది. మళ్లీ నింపాలంటే లక్షల ఖర్చు.

మా అనుభవంలో పేషెంటుతో భయం తక్కువ. ఆయన్ను గౌను వేసి, అన్నీ అడిగి పంపిస్తాం. భయమంతా వెంట వచ్చినోళ్లతోనే. బయట కూర్చుని విసుగొచ్చి, తలుపు తెరుచుకోగానే "మా అమ్మను నేను పట్టుకుంటాలే అన్నా" అని దూసుకొస్తారు. తలుపు దగ్గర జేబులోని తాళాలకు ఏమీ అనిపించదు. ఇంకో రెండడుగులు వేస్తే చాలు, ఒక్కసారిగా లాగేస్తుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి పోయి చనిపోయిన 32 ఏళ్ల మనిషి పేషెంటు కాదు, పేషెంటు బంధువు. 2025 జులైలో న్యూయార్క్ దగ్గర చనిపోయిన 61 ఏళ్లాయన మెడలో దాదాపు 9 కిలోల వ్యాయామపు గొలుసు ఉంది. ఆయన లోపలికి పోయింది కూడా స్కాన్ అయిన భార్యను లేపడానికే.

ఇక మొలతాడు. వెండిని, బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే. కానీ స్కాన్ తరంగాలకు లోహం వేడెక్కి చర్మం కాలొచ్చు. పైగా తీసేది నడుము స్కాన్, మొలతాడు ఉండేదీ అక్కడే, బొమ్మ చెడిపోతుంది. దానికి కట్టిన తాయెత్తు లోపల ఏముందో కట్టినాయనకే తెలియాలి! తీసి మీ దగ్గరే పెట్టుకోండి, స్కాన్ అయ్యాక కట్టుకుంటారు. ఆడవాళ్లయితే పుస్తెల తాడుకు గుచ్చిన పిన్నీసులు చూడాలి. బంగారమంతా ఒలిచి ఇచ్చిన అవ్వ కూడా పిన్నీసును లెక్కలోకి తీసుకోదు. వన్ గ్రామ్ గోల్డ్ నగల్ని అసలు నమ్మొద్దు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. మీ నాన్న ఎప్పుడైనా బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీల్లోనో, లేత్ దగ్గరో, వెల్డింగ్‌లోనో పనిచేశారా? "ఒంట్లో ఇనుము ఏమైనా ఉందా తాతా?" అంటే లేదనే చెప్తారు. "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?" అని అడిగితే, "అది మామూలే కద నాయనా" అంటారు. కంట్లో మిగిలిపోయిన చిన్న ముక్క అయస్కాంతం దగ్గర కదిలితే చూపు పోవచ్చు. అనుమానముంటే ముందు కళ్లకు ఎక్స్‌రే తీయిస్తాం, అందుకు చిరాకు పడొద్దు.

పాత ఆపరేషన్ రాడ్లు, స్టెంట్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. అయినా డిశ్చార్జి కాగితం తీసుకురండి. పేస్‌మేకర్ ఉంటే మాత్రం స్కాన్ రోజు కాదు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. అన్ని రకాల పేస్‌మేకర్లకూ ఎమ్మారై తీయలేం.